కొళాయి వరసలో కోచ్

మా రైల్వే క్వార్టర్ల లైన్లలో నూకరాజు గారి పేరెత్తితే ఎవరైనా ముందు బిందె కథే చెబుతారు. కొళాయి దగ్గర ఎస్తేరమ్మ ఆయన బిందెను కాలితో తన్నిందట. ఆయన అప్పటికి నోరెత్తకుండా మనసులో పెట్టుకున్నాడట. తరవాత ఆడపిల్లల ఫుట్‌బాల్‌లో దేశం జట్టుకు కోచ్ కాగానే ఎస్తేరమ్మ కూతురు రూతు పేరు కొట్టేసి పగ తీర్చుకున్నాడట.

"బిందెకి సొట్ట పడిందని గుంట బతుక్కి సొట్ట పెట్టినాడు," అంటుంది మా ఎదురు లైను జోగమ్మ. ఆమె చెప్పే తీరు బాగుంటుంది కాబట్టి అందరూ అలాగే చెబుతారు. ఆ జట్టు ఎవరితో ఆడింది, గెలిచిందా ఓడిందా అని అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు.

ఆయన క్వార్టరుకూ మాదానికీ మధ్య ఒకటే గోడ. గోడ అవతల అలికిడి ఎంత తక్కువో నాకు తెలుసు. పొద్దున స్టవ్‌కు గాలి కొట్టిన చప్పుడు, సాయంత్రం గొళ్లెం తీసిన చప్పుడు. సెలవు రోజుల్లో అవి కూడా ఆలస్యంగా వినిపించేవి.

ఆయన తండ్రి బొబ్బిలి వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి వర్క్‌షాప్‌లో చేరాడట. నూకరాజు గారూ అక్కడే అడుగు స్థాయి కలాసీగా మొదలై ఫిట్టరయ్యారు. పంతొమ్మిది వందల యాభైల్లో సాయంత్రం సైరన్ కూయగానే మగవాళ్లంతా ఇంటికి పోకుండా టిఫిన్ డబ్బాలతో మైదానానికే వెళ్లేవారని మా నాన్న చెబుతాడు. వర్క్‌షాప్ జట్టులో నూకరాజు గారు హాఫ్‌బ్యాక్, రూతు తండ్రి గోవిందరావు గోల్‌కీపరు. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరినవాళ్లు. బయట నూకరాజు గారి నోట మాట రాదు. మైదానంలో దిగితే ఆ మూల నుంచి ఈ మూలకు వినిపించేది. "యెనకాల గోవిందు ఉన్నాడంటే నా యీపుకి గోడున్నట్టే," అనేవారట.

తరవాత ఒకదాని మీద ఒకటి జరిగాయి. పెళ్లయిన రెండో ఏడు భార్య టైఫాయిడ్‌తో పోయింది. ఆద్రాలో ఒక ఆటలో మోకాలు తిరిగిపోయి ఆయన ఆట ఆగింది. కొన్నేళ్లకు గోవిందరావు కామెర్లతో పోయాడు. ఎస్తేరమ్మకు బోగీలు కడిగే పని ఇచ్చారు. ఆయన క్వార్టరుకు అటుపక్కదే వాళ్లది, ఆమె నూకరాజు గారిని అన్నయ్యా అనేది. ఆదివారం చర్చి నుంచి వచ్చి వండాక, రూతు చేత కబురు పంపేది. ఆయన వాళ్ల వరండాలో కూర్చుని తిని, తన కంచం తానే కడిగి వెళ్లిపోయేవారు. వారానికి ఒక్కసారి ఆయన ఇంకొకరి చేతి అన్నం తినేది అక్కడే.

అరవైల్లో ఆయన మగపిల్లలకు ఆట నేర్పారు. బాగా ఆడినవాళ్లకు ఆట మీదే రైల్వేలో ఉద్యోగాలొచ్చాయి. టాటానగర్, గార్డెన్ రీచ్ వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు కాళ్లకు దణ్ణం పెట్టేవారు. స్టేషన్ దాకా వెళ్లి రైలెక్కించి ఆయన ఒక్కరూ సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవారు. సైకిల్ ఉండి కూడా ఎక్కేవారు కాదు.

ఆడపిల్లల ఆట మొదలైన రోజు నేను అక్కడే ఉన్నాను. అమ్మకు నడుం పట్టేసి మంచాన పడితే నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. అప్పటి నుంచీ ఇంటి నీళ్లు నావే. మా లైన్లన్నిటికీ కొళాయి ఒకటే, మైదానం మూలన ఉంటుంది. రూతు నిండు బిందె చంకన పెట్టుకుని వెళుతోంది. కుర్రాళ్లు తన్నిన బంతి ఎగిరి ఆమె మొహం మీదికే వచ్చింది. రూతు ఖాళీ చేత్తో దాన్ని గుండెకు అదుముకుంది. బిందెలో నీళ్లు తొణకలేదు.

బంతి కోసం వచ్చిన నూకరాజు గారు దాన్ని తీసుకోకుండా నిలబడిపోయారు.

"మళ్లీ పడతావేటే?"

"బిందె దించనా మావా?"

"దించొద్దు."

ఆమె మళ్లీ పట్టింది. ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. "నీ బాబు సేతులే నీకు," అన్నారు.

పిల్లలు దొరకడం కష్టం కాలేదు. ముందు మా లైన్ల పిల్లే చిట్టెమ్మ వచ్చింది, ఆమె వెనక ఇంకా కొందరు వచ్చారు. వేళ దొరకడమే కష్టమైంది. సాయంత్రం మైదానం మగపిల్లలది. తెల్లవారాక, పొద్దుటి సైరన్ కూసే లోపు ఆయనకు కాస్త తీరిక. కొళాయిలో నీళ్లొచ్చేదీ సరిగ్గా అప్పుడే. నీళ్లు తేవాల్సింది ఈ ఆడపిల్లలే.

"ఇది బంతాటకి పోతే నీళ్లెవులు తెస్తారు?" అన్నారు తల్లులు.

"వరసలో నాను నిలబడతాను," అన్నారు నూకరాజు గారు.

మా కొళాయి దగ్గర ఒక పద్ధతి ఉంది. మనిషి లేకపోయినా బిందె ఉంటే వరస ఉన్నట్టే. అయితే ముందు బిందె కదిలినప్పుడల్లా వెనకదాన్ని ఎవరో ఒకరు జరపాలి. జరపకపోతే వరస పోయినట్టే, ఎవరు అరిచినా లాభం లేదు. అందుకని ఆయన పిల్లల బిందెలన్నీ వరసలో పెట్టి, ఒక్కొక్కటే జరుపుతూ, నిండినవి పక్కన పెడుతూ, ఆడవాళ్ల మధ్య నిలబడేవారు. కొళాయి వదిలి మైదానంలోకి వెళ్లడానికి వీల్లేదు. ఆట నేర్పడమంతా అక్కడి నుంచి అరవడమే.

"రూతూ, గోల్లో పాతుకుపోనావేటే? ముందుకి రా! చిట్టెమ్మా, బంతిని అట్టే అట్టిపెట్టుకోకు, అది నీ మొగుడేటి? ఇచ్చెయ్!"

వరసంతా నవ్వేది. "మీసాలున్న ఆడది మన లైన్లకి ఈయనొక్కడే," అనేది జోగమ్మ.

"బిందె జరుపు జోగమ్మా. నువ్వు మాటాడతంటే కొళాయి కూడా ఆగి ఇంటంది."

ఆయన దగ్గరికి పరిగెత్తుకొచ్చి అడగడానికి లేకపోవడంతో పిల్లలు ఒకళ్లతో ఒకళ్లు అరుచుకుంటూ ఆడడం నేర్చుకున్నారు. బయటి ఊళ్లలో మా పిల్లల ఆట చూసినవాళ్లు ముందు చెప్పేది ఆ అరుపుల గురించే. ఆడపిల్లల ఆటకు సంఘాలు పుడుతున్న రోజులవి. మేదినీపూర్ నుంచి ఒక బెంగాలీ పెద్దమనిషి చూడడానికి వచ్చి, కోచ్ ఎక్కడని అడిగాడు. "కల్‌తలాయ్, దాదా," అని, కొళాయి దగ్గరేనన్నట్టు, రూతు అటు చూపించింది. తనను ఆటపట్టిస్తోందనుకుని ఆయన కోప్పడబోయాడు. అంతలో వరసలోంచి నూకరాజు గారు తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ నమస్కారం పెట్టారు.

ఆ పెద్దమనిషి వల్లే ఆయన ముందు రాష్ట్రం జట్టుకు నేర్పడానికి వెళ్లారు. మరుసటి ఏడు చలికాలంలో దేశం జట్టును తయారు చేసే క్యాంపుకు కోచ్‌గా రమ్మని కలకత్తా నుంచి పిలుపొచ్చింది. మా నాన్న మిఠాయి పట్టుకుని వెళితే ఆయన ఒకటే మాటన్నారట. "గోవిందు కూతురు ఆ జెర్సీ ఏసుకుంటే సాలన్నా. నాకింకేటి అక్కర్నేదు."

కానీ అప్పటికే రూతు ఎడమ చేతి వేలు ఒక ఆటలో విరిగి, కట్టు కట్టించినా వంకరగా అతుక్కుంది. ఎస్తేరమ్మ ఆట మానిపించింది. రూతు సరేనంది కానీ మానలేదు. బిందె చంకన పెట్టుకుని కొళాయికని బయలుదేరేది, మైదానంలో తేలేది. ఎలాగో వేళకు నీళ్లు ఇంటికి చేరేవి.

ఇంకో చిక్కు కూడా ఉంది. భార్య లేని మగాడు, భర్త లేని ఆడది. ఆదివారం భోజనం గురించి ఎవరేమనేవారో చెప్పనక్కర్లేదు. ఒక ఉదయం ఎస్తేరమ్మ పనికి పోతూ, కూతురు కనిపించక కొళాయి దగ్గరికి వచ్చింది. జోగమ్మ ఊరుకోలేదు.

"నీకేటి ఎస్తేరూ, మారాణివి. నీ గుంటకి ఆట నేర్పతాడు, నీ ఇంటికి నీళ్లు తోడతాడు. ఇంక సూలికొండ కట్టడమే తరవాయి."

సూలికొండ అంటే మా వైపు తాళి. వరసలో ఒకళ్లిద్దరు నవ్వారు. ఎస్తేరమ్మ మొహం నల్లబడింది. కొళాయి కింద అప్పుడే సగం నిండిన ఇత్తడి బిందె ఉంది. అడుగున పెద్ద మాటు వేసి ఉంది. ఆయన చేయి దాని మూతి మీదే ఉంది.

"మగోడివి, నీకు ఆడోళ్ల వరసలో ఏటి పని? నా పిల్ల ఊసెందుకు నీకు? నా ఇంటి ఊసెందుకు?"

అని ఆ బిందెను కాలితో తన్నింది. అది పక్కకు పడి, నీళ్లన్నీ పారబోసుకుంటూ దొర్లి, గోల్‌పోస్టు కర్రకు తగిలి ఆగింది. మైదానంలో పిల్లల అరుపులు ఆగిపోయాయి. నూకరాజు గారు కుంటుకుంటూ వెళ్లి బిందె తీసుకున్నారు. సొట్టను చేత్తో ఒకసారి తడిమారు. వచ్చి వరస చివర నిలబడ్డారు. ఆ రోజు ఎస్తేరమ్మ అన్నయ్యా అనలేదని నేను గమనించాను.

ఆ సాయంత్రమే ఆయన వాళ్లింటికి వెళ్లారు. మా వరండాలోకి అంతా వినిపించింది.

"రూతుని క్యాంపుకి పంపించమ్మా. నాను సూసిన గుంటల్లో ఇదే గోల్‌కీపరు."

"పొద్దున నేను సేసిన పనికి పగ నేదా నీకు?"

"నేదు."

ఎస్తేరమ్మ గిన్నె దించిన చప్పుడైంది. తరవాత అంది. "పంపుతాను. నలుగురూ ఎలాగూ నవ్వనే నవ్వినారు. కానీ ఒకటి. నా పిల్ల ఆ జెర్సీతో రావాల. ఊరికే తిరిగొచ్చిందో, మరి నువ్వు ఈ గుమ్మం తొక్కకు."

"జెర్సీ ఇచ్చీది నాను కాదమ్మా. ఆట."

"కోచ్‌వి నువ్వు కదేటి?"

ఆయన దానికి జవాబు చెప్పలేదు. చెప్పకపోవడాన్ని ఆమె ఒప్పుకోవడం అనుకుంది. క్యాంపుకు బయలుదేరే రోజు రూతు నెత్తికి నూనె రాసి గట్టిగా జడ వేసి, లైనులో అందరికీ చెప్పి మరీ పంపింది.

రూతు ఊరికే తిరిగొచ్చింది. హౌరా లోకల్ దిగి, సంచి భుజాన వేసుకుని, మైదానం మీదుగా కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి వెళ్లింది. కొన్నాళ్లు బయటికే రాలేదు. వచ్చాక కొళాయి దగ్గర నా పక్కన నిలబడి మెల్లిగా చెప్పింది.

"క్యాంపులో నాతో కలిపి ముగ్గురు గోల్‌కీపర్లం. తీసుకునీది ఇద్దర్నే. మావ ఒక పొద్దంతా నాకు ఎత్తు బంతులే ఏసినాడు. కొన్ని పట్టినాను. కొన్ని ఈ ఏలు మీంచి జారిపోనాయి. ఆకర్న నా సెయ్యి పట్టుకుని ఏలు సూసినాడు. మళ్లీ ఇంకో నాలుగు బంతులేసినాడు, పట్టేస్తానేమోనని. పట్టనేదు."

"పేర్లు చదివినప్పుడు?"

"నా మొకం సూసే సదివినాడు. తల దించుకోనేదు. తరవాత మైదానం కొళాయి కాడికెల్లి నిలబడిపోనాడు. అక్కడ బిందెల్నేవు, వరసా నేదు. ఊరికే నిలబడ్డాడు."

"అమ్మకు వేలి సంగతి చెప్పలేదా?"

"సెప్పినాను. ఆ ఏలు ఇరిగింది ఎవులి ఆటలో అని అడిగింది."

జట్టు సముద్రం దాటి వెళ్లి ఆడింది. కొన్ని గెలిచి కొన్ని ఓడింది. చిట్టెమ్మ ఆ జట్టులో ఉంది, ఒక గోలు కూడా వేసింది. ఆ సంగతి ఎవరూ ఎందుకు చెప్పుకోరో నాకు అర్థం కాదు. నూకరాజు గారు తిరిగొచ్చిన రోజు స్టేషన్‌కు ఎవరూ వెళ్లలేదు. గోడ అవతల గొళ్లెం తీసిన చప్పుడు వినిపించినప్పుడు ఆయన వచ్చారని మాకు తెలిసింది.

మర్నాడు తెల్లవారగానే ఆయన కొళాయి దగ్గరికి వచ్చారు. ఒక్క ఇంటివాళ్లూ బిందె ఇవ్వలేదు. "రూతుకే అన్నేయం సేసినోడు మా పిల్లలకేటి సేస్తాడు?" అన్నారు. ఎవరి నీళ్లు వాళ్లే పట్టుకున్నారు. పిల్లలు బిందెల వెనక నిలబడి మైదానం వైపు చూశారు. ఆయన తన ఒక్క బకెట్ నింపుకుని వెళ్లిపోయారు. కొన్నాళ్ల పాటు బంతి చంకలో పెట్టుకునే వచ్చేవారు. తరవాత బంతి తేవడం మానేశారు.

ఆదివారం కబురు రాలేదు. వస్తుందని ఆయన ఎదురుచూసేవారో లేదో చెప్పలేను. చర్చి నుంచి అందరూ తిరిగొచ్చే వేళ దాటాకే గోడ అవతల స్టవ్ చప్పుడు మొదలయ్యేది.

దేశం జట్టుకు ఆయన్ను మరోసారి పిలిచారు, వెళ్లారు. ఆ రెండోసారి క్యాంపులో మా లైన్ల పిల్ల ఒక్కతీ లేదు. చిట్టెమ్మకు పెళ్లయింది. తరవాత ఆయన పదవీ విరమణ చేశారు. క్వార్టరు ఖాళీ చేసి ఊళ్లోనే తాల్‌బగీచాలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. బిందె కథ అక్కడికి ఆయన కంటే ముందే చేరింది.

ఎస్తేరమ్మ కిందటేడు పోయింది. సమాధుల తోటకు మేమంతా వెళ్లాం. నూకరాజు గారూ వచ్చారు. లోపలికి రాకుండా గేటు బయటే, చెప్పులు విప్పి నిలబడ్డారు. రూతు చూసి, పెట్టెమీద మట్టి వేశాక బయటికి వచ్చి ఆయన పక్కన నిలబడింది. రూతు ఇప్పుడు చక్రధర్‌పూర్‌లో ఉంటోంది. ఇక బిందె సంగతి చెప్పినా పర్వాలేదని ఆ రోజే నాతో అంది.

మొన్న అమ్మ పెట్టిన మాగాయ సీసా తీసుకుని తాల్‌బగీచా వెళ్లాను. గదిలో ఒక మంచం, స్టవ్, గోడకు గాలి పోయిన బంతి. నన్ను మంచం మీద కూర్చోబెట్టి ఆయన గుమ్మంలో కూర్చున్నారు.

"మైదానం ఎలగుందమ్మా?"

"గడ్డి పెరిగిపోయింది మావయ్యా."

"గోల్ కాడ కూడానా?"

గోల్ ముందు ఎప్పుడూ గడ్డి మొలిచేది కాదు. రూతు కాళ్ల కింద నేల అరిగి గుంటపడి ఉండేది.

"అక్కడ కూడా," అన్నాను.

ఆయన తల ఊపారు. ఎండలో వచ్చానని మంచినీళ్లు ఇచ్చారు. మూలనున్న ఇత్తడి బిందెలోంచి గ్లాసుతో ముంచి ఇచ్చారు. బిందెకు సొట్ట అలాగే ఉంది. చింతపండుతో తోమినట్టున్నారు, అడుగున మాటు కూడా మెరుస్తోంది.

ఆ బిందె నాకు ముందు నుంచీ తెలుసు. ఎస్తేరమ్మ పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అడుగు కారిపోతోందని ఏళ్ల తరబడి వాళ్ల పెరట్లో పడేసి ఉంది, చిలుమెక్కి నల్లగా అయిపోయింది. ఆట మానిపించాక ఒక రోజు రూతు దాన్ని గోడ మీంచి నూకరాజు గారికి అందించింది. రోజూ వాడే బిందె వరసలో ఉండి తాను పక్కన లేకపోతే తల్లి వరండాలోంచి పోల్చేస్తుంది. అందుకని రోజూ వాడే బిందెను మైదానం గోడ వెనక దాచి, వరసలో దీన్ని పెట్టించి, నిండాక నీళ్లు అందులోకి ఒంపుకుని ఇంటికి తీసుకెళ్లేది. ఆయన వర్క్‌షాప్‌లో తెలిసినవాడి చేత మాటు వేయించి, తోమి మెరిపించారు. అలా మెరిసేసరికి ఎస్తేరమ్మ పోల్చుకోలేదు. తన్నింది తన పుట్టింటి బిందెనని తెలిస్తే ఆమె చిన్నబోతుందని, రూతు అబద్ధాలన్నీ బయటపడతాయని, చెప్పొద్దని ఆయనే రూతుతో అన్నారు. తిరిగి ఇవ్వడానికి దారి లేక అది ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆ ఉదయం ఎస్తేరమ్మ తన్నింది నూకరాజు గారి బిందె కాదు. ఆమెదే. అందులో నిండుతున్నవి ఆమె ఇంటి నీళ్లే.